గాలి చేసిన పాపం

ఈ నెల మా అవనిగడ్డ రామాలయంలో ఆదిపర్వం చెబుతున్నాను. మొన్న మాండవ్యుడి కథ దగ్గర గొంతు పట్టేసింది. దానికి కారణం మా అమ్మాయి ఫోను.

తను ఇంగ్లండులో నర్సు. ప్లిమత్‌లోని డెరిఫోర్డ్ ఆసుపత్రిలో 2022 మార్చి 4న జరిగిన సంగతి చెప్పింది. కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ ఒకటి రోగిని తీసుకొచ్చింది. సికోర్‌స్కీ ఎస్-92 అట, నిండా ఎక్కిస్తే సుమారు 12 టన్నులు. అంత బరువు గాల్లో నిలవాలంటే రెక్కలు కిందికి ఎంత గాలి తోయాలి! ఆ గాలి పక్కనున్న కారు పార్కింగ్‌లో నడుస్తున్న వాళ్లను పడేసింది. 87 ఏళ్ల ముసలావిడ చనిపోయింది, ఇంకొకరికి బాగా దెబ్బలు తగిలాయి. తర్వాత పెద్ద హెలికాప్టర్లను అక్కడ దిగనివ్వలేదు.

"ఒకరి ప్రాణం నిలబెట్టబోతే ఇంకొకరి ప్రాణం పోయింది. ఆ పాపం ఎవరిది నాన్నా?" అంది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 1977 ఉప్పెన గుర్తొచ్చింది. నాకప్పుడు పదేళ్లు. ఇల్లు పోయాక నాన్న నాలుగు తాటాకులు ఏరి, వాసాలకు కట్టి నీడ చేశాడు. అన్నం పొట్లాలు జారవిడవడానికి హెలికాప్టర్ కిందికి దిగేసరికి ఆ తాటాకులన్నీ లేచిపోయాయి. నాన్న పల్లెత్తు మాట అనలేదు. పొట్లం కోసం బురదలో పరుగెత్తాడు. అయితే ఆ గాలి మా కోసం వచ్చింది. ప్లిమత్ ఆవిడకు దానితో ఏ సంబంధమూ లేదు, దారిన పోతోంది అంతే.

మాండవ్యుడూ అంతే, చేయని దొంగతనానికి శూలమెక్కాడు. ఎందుకని యముణ్ణి నిలదీస్తే, చిన్నప్పుడు గడ్డిపుల్లతో పురుగుల్ని గుచ్చావన్నాడు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ముని మండిపడి, యముణ్ణి విదురుడిగా పుట్టమని శపించాడు. పద్నాలుగేళ్ల దాకా చేసింది పాపం కాదని హద్దూ పెట్టాడు. మేం పౌరాణికులం ఈ కథను కర్మఫలం అని తేల్చేస్తాం. నాకిప్పుడు ఆ హద్దే పెద్దదిగా కనిపిస్తోంది. అది దాటాక "నాకు తెలియదు" అన్న మాట చెల్లదు.

బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం 2023 నవంబరులో నివేదిక ఇచ్చింది. తప్పు ఫలానావాళ్లదని తేల్చడం ఆ విభాగం పని కాదు. కానీ ఆ గాలి వల్ల చుట్టుపక్కల వాళ్లకు వచ్చే ముప్పును గుర్తించి అదుపు చేయలేదని మాత్రం రాసింది. ఎవరూ కావాలని చేయలేదు. నిజమే. కానీ హెలిప్యాడ్ నడిపేవాళ్లు పద్నాలుగేళ్ల లోపు పిల్లలు కారు కదా!

మరి పెద్ద హెలికాప్టర్లకు హెలిప్యాడ్ మూసేస్తే ప్రాయశ్చిత్తం అయిపోతుందా? తప్పు ఒకడిది, ఉపవాసం ఇంకొకడిది! రేపు ఏ కొండ అంచు నుంచో జారిపడ్డవాడు ఆ ఉపవాసం చేయాలి. వాడి పేరు ఏ నివేదికలోనూ ఉండదు.

"హెలికాప్టర్ దిగే ఆ కాసేపు పార్కింగ్ మూయాలమ్మా, హెలిప్యాడ్ కాదు" అన్నాను.

"సరే నాన్నా, డ్యూటీకి టైమైంది" అని పెట్టేసింది.

మాండవ్యుడి కథ రేపు సాయంత్రం ఆరింటికి మళ్లీ మొదటినుంచి చెబుతాను. రండి.