పురస్కార పత్రం – ప్రామాణ్యం: ఒక నైతిక పరిశీలన

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక మిత్రరాజ్యాల సైనికులు జర్మన్ సైనిక పురస్కార పత్రాలను జ్ఞాపికలుగా ఇళ్లకు తీసుకుపోయారు. సంతకం, ముద్ర, కాగితం, తేదీల పొంతన చూసి పరిశీలకులు వాటి ప్రామాణ్యాన్ని నిర్ణయిస్తారు. ఆ పరీక్ష పత్రాన్నే రుజువు చేస్తుంది, పరాక్రమాన్ని కాదు.

ఇల్లందు అటవీ ప్రాంతంలో ఈ భేదం న్యాయసమస్య అవుతుంది. నిజాం పాలనపై 1946–48లో అజ్ఞాతంగా పోరాడినవారికి దగ్గరున్న కాగితమే ప్రాణాపాయం. 1972లో ఆరంభమై, పిదప హైదరాబాదు విలీనోద్యమానికీ వర్తించిన కేంద్ర పింఛను పథకం కాగితాన్నే ఆధారంగా కోరింది. లేదని తిరస్కరిస్తే రహస్యాన్ని కాపాడినవారికే శిక్ష. అడిగినవారందరికీ ఇస్తే వారి త్యాగానికే అవమానం.

గురుదయాళ్ సింగ్ కేసులో (2001) సుప్రీంకోర్టు సంశయాతీతమైన రుజువు అక్కరలేదని, సంభావ్యత చాలునని నిర్ణయించింది. కావున పత్రం లేకపోవడాన్ని అబద్ధానికి సాక్ష్యంగా గ్రహించరాదు. సహచరుల మౌఖిక సాక్ష్యాన్నీ పత్రమంత నిశితంగా పరీక్షించి స్వీకరించాలి.