అతిభారము



అహింసాణువ్రతమునకు మన ఆచార్యులు ఐదు అతిచారములు చెప్పిరి: బంధించుట, కొట్టుట, అంగములు ఛేదించుట, మోయలేని బరువు మోపుట, అన్నపానములు నిరోధించుట. ఎద్దు మూపున మితిమించిన బస్తాలు వేసిన బండివానిని మనము మందలింతుము. మన వీధిలోని తల్లిపై మోపబడిన బరువును ఏనాడైన చూచితిమా?

బరంపురము పట్టుచీరలకు పేరుగాంచినది. ఇచట ఒక చీరల అంగడిలో రోజుకూలికి పనిచేయు తల్లిని తలచుకొనుడు. ఆమె ఎనిమిదేండ్ల బిడ్డ నడువలేడు, తన చేత అన్నము తినలేడు. 1962లో వెలసిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి ఊరిలోనే యున్నది. కాని బిడ్డను అచటికి ఎత్తుకొనిపోయిన నాడు కూలి పోవును. కూలికి పోయిన నాడు బిడ్డకు వ్యాయామము తప్పును. ఏది విడిచినను ఆమె మనస్సే ఆమెను నిందించును.

చట్టము కొంత మేలు చేసినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు సర్వీసు మొత్తములో 730 దినముల శిశుసంరక్షణ సెలవు గలదు. 2024లో హిమాచల ప్రదేశపు అధ్యాపకురాలి వ్యాజ్యమున, వైకల్యముగల బిడ్డ తల్లికి ఇట్టి సెలవు నిరాకరించుట రాజ్యాంగ బాధ్యతకు విరుద్ధమని సుప్రీంకోర్టు పలికినది. మంచిదే. కాని రోజుకూలి తల్లికి సెలవుచీటి ఎవరు వ్రాయుదురు?

మనమే వ్రాయవలెను. ఆరు ఆభ్యంతర తపస్సులలో వైయావృత్యము, అనగా సేవ, ఒకటి. ఆ సేవకు పాత్రులైన పదుగురిలో రోగపీడితుడు కలడు. అది మునులను గూర్చిన మాట యందురేమో. నిజమే. కాని పొరుగింట మూలుగుచున్న బిడ్డను దాటి మునిసేవకు పోవుట ధర్మమగునా?

“ఏమి చేయుదుము, పూర్వకర్మము!” అని కొందరు ఆ తల్లికి చెప్పుదురు. అది ఓదార్పు కాదు, మరియొక బస్తా. కర్మసిద్ధాంతము మనము చేతులు ముడుచుకొనుటకు చెప్పబడలేదు. ఆ బిడ్డ కర్మమును మనమెరుగము. మన కర్తవ్యమును మాత్రము ఎరుగుదుము.

అంగడి యజమాని ఆసుపత్రికి పోయిన నాటి కూలి కోయకుండుగాక. తండ్రి బిడ్డకు స్నానము చేయించుట, తినిపించుట నేర్చుకొనుగాక. ఇరుగుపొరుగువారు వారమునకొక పూట వంతు వేసికొని బిడ్డ చెంత కూర్చుందురుగాక. పర్యూషణమున ఉపవాసము చేయలేనివారికి ఈ తపస్సు సాధ్యమే.

సర్వజీవులకు శుభమగుగాక! జయ జినేంద్ర!