నీరు మానుట వ్రతమా, మన దోషమా?

ఉప్పర్వాహిలో మా తల్లిగారికి మూత్రనాళ వ్యాధి ఏడాదిలో నాలుగవ పర్యాయము తిరుగబెట్టినది. "మందుతో ఇన్ని సూక్ష్మజీవులను చంపుట పాపము కాదా, నాయనా?" అని ఆమె అడిగినారు.

మందులో హింస లేదని నేననను. అయితే గృహస్థుని అణువ్రతము సంకల్పహింసను విడువుమన్నది. ప్రాణరక్షణకు ఇచ్చు మందు ఆ కోవకు చెందదు. ప్రతిక్రమణము చేసికొందము, మందు మానరాదు. మూత్రపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పినన్ని దినములు ఇచ్చితిమి.

మరి వ్యాధి మరల ఏల వచ్చుచున్నది? సూర్యాస్తమయము పిమ్మట వారు నీరు ముట్టరు. అది చౌవిహారము, గౌరవింపదగినది. కాని పగలు కూడ రెండు గ్లాసులకు మించి త్రాగుట లేదు. కారణమడుగగా, "మాటిమాటికి మరుగుదొడ్డికి తీసుకొనిపొమ్మంటే, దుకాణము వేళ నీవు మొగము చిట్లింతువు" అనినారు.

అది వ్రతము కాదు, నా దోషము. ప్రమాదము, అనగా ఏమరుపాటుతో ప్రాణులకు హాని చేయుటే హింసయని తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి నిర్ణయము. వైయావృత్యము, అనగా సేవ, ఆరు అంతరంగ తపస్సులలో ఒకటి.

ఇప్పుడు ఉదయము నుండి కాచి చల్లార్చిన నీరు అడుగకముందే ఇచ్చుచున్నాము. అడుగకముందే చేయి పట్టి నడిపించుచున్నాము. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారికి నీటి కొలత వైద్యుడే చెప్పవలెను. జ్వరము గాని, హఠాత్తుగా మతి తప్పి మాటలాడుట గాని కనిపించిన, ముసలితనమని ఊరకుండరాదు.

మందు పాపమా యని తర్కించు మనము, మన విసుగును ఎన్నడైన తూచి చూచుకొంటిమా?