అరుదైతేనే విలువా?

పులిని కాపాడాలంటే ఎందుకని ఎవరూ అడగరు. సాలీడును కాపాడాలంటే మాత్రం నవ్వుతారు. మన బడుల్లోనూ ఇంతే, మన ఉపాధ్యాయుల సమావేశాల్లోనూ ఇంతే. వెన్నెముక ఉన్నదానికి ఒక మర్యాద, లేనిదానికి ఇంకో మర్యాద. నత్త, పీత, తేలు, సాలీడు, తేనెటీగ, చెదలు, వానపాము అన్నీ మన మాటల్లో 'పురుగూ పుట్రా' అనే ఒకే మూటలోకి పోతాయి. లోకంలోని జంతుజాతుల్లో నూటికి తొంభైకి పైగా ఈ మూటలోవే. అయినా మూట విప్పి చూసే ఓపిక మనకు లేదు.

ఒక సాలీడు దగ్గర మొదలుపెడదాం. 1899లో పోకాక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఒక నీలిరంగు సాలీడును వర్ణించి దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అది దొరికింది గుత్తిలో, రైల్వే కట్టెల యార్డులో. అందుకే లోకమంతా దాన్ని గుత్తి సాలీడు అంటుంది. కానీ గుత్తి దాని ఊరు కాదు. ఎక్కడో అడవిలో నరికిన దుంగలతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని తర్వాతివాళ్ల అంచనా. వందేళ్ల దాకా దాన్ని మళ్లీ చూసినవాళ్ల మాట బయటకు రాలేదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య ఉన్న అడవిలో, గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, అది మళ్లీ కనబడింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ ప్రాణి చదువుకున్న లోకానికి మొదట కనబడింది దాని ఇల్లు నరికిన తర్వాతే. చెట్టు దుంగ అయ్యాక, దుంగ సరుకు అయ్యాక, సరుకులోంచి సాలీడు బయటపడింది. పేరు కూడా పుట్టిన చోటుది రాలేదు, సరుకు దించిన చోటుది వచ్చింది. మన గూడేల నుంచి కూలికి పోయినవాళ్లను దిగిన బస్టాండు పేరుతో పిలిచినట్టుంది ఇది.

దాని బతుకంతా పాత చెట్ల తొర్రల్లో. పగలు లోపల దాక్కుని, రాత్రి బయటికి వచ్చి పురుగులను పట్టి తింటుంది. తొర్రలు చాలనిచోట పెద్దవీ పిల్లలూ ఒకే తొర్రలో సర్దుకుంటాయి. ఆడది పదేళ్లకు పైగా బతుకుతుంది, మగదానికి మూడు నాలుగేళ్లే. ఆ నీలం కూడా పూసిన రంగులాంటిది కాదు, వెంట్రుకల లోపలి సన్నని అమరిక మీద వెలుగు పడి కనబడే రంగు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో దీన్ని ఎర్ర జాబితాలో అత్యంత తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల వరుసలో చేర్చింది. అడవిలో పూర్తిగా లేకుండా పోవడానికి అది ఒక మెట్టు ముందు. అది బతికే చోటు 100 చదరపు కిలోమీటర్ల లోపే అని అప్పటి లెక్క. తర్వాత తూర్పు కనుమల్లో మరికొన్ని చోట్ల కూడా కనబడింది.

జాబితాకెక్కితే మేలు జరగాలి కదా. కొంత జరిగింది కూడా. ఈ సాలీడు ప్రజాతి మొత్తాన్నీ 2019లో సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు, దేశాల మధ్య వ్యాపారం మీద అదుపు వచ్చింది. అయితే దానికి ముందే పై దేశాల్లో దీన్ని గాజుపెట్టెలో పెంచుకునే సరదా పెరిగింది. అరుదన్న మాటే ధర అయి కూచుంది. ఎంత తక్కువ మిగిలితే అంత గిరాకీ. అందుకే అరుదు కాబట్టి విలువ అనే వాదన మాకు సగమే నచ్చుతుంది. ఆ వాదన కాపలాదారుకు ఎంత పనికొస్తుందో దొంగకూ అంతే పనికొస్తుంది.

దీంట్లో ఇంకో లోపం ఉంది. ఎర్ర జాబితాకు ఎక్కాలంటే ముందు ఎవరో ఒకరు పోయి చూడాలి, లెక్కపెట్టాలి. పక్షి జాతులను దాదాపు అన్నింటినీ చూశారు. పేరు పెట్టిన కీటకజాతులే సుమారు 10 లక్షలుంటే, ఆ జాబితా కోసం పరిశీలించినవి నూటికి రెండు కూడా లేవు. మిగతావి బాగున్నాయా, పోతున్నాయా? పుస్తకంలో జవాబు లేదు. రేషన్ కార్డు లేనివాడికి ఆకలి లేదన్నట్టుంటుంది ఈ లెక్క.

తొలకరికి నేల మీద ఎర్రటి మఖమల్ గుండీలా నడిచే ఆరుద్ర పురుగును చూడండి. దానికి ఎనిమిది కాళ్లు, అంటే సాలీడుకు చుట్టమే. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి, వానలు మొదలైన ఆ కొద్ది రోజులే పైకి వస్తుంది. నూనె తీయడానికి దాన్ని ఏరి అమ్మే వ్యాపారం కూడా ఉంది. మా చిన్నప్పుడు అగ్గిపెట్టెల నిండా పట్టేవాళ్లం. ఇప్పుడు పత్తి చేలలో పిల్లలకు ఒకటి చూపిద్దామంటే వెతకాల్సి వస్తోంది. మందు కొట్టిన నేలలో అది ఎట్ల బతుకుతుంది?

ఇక ఉపయోగం మాట. పురుగు మనకు పనికొస్తుంది కాబట్టి కాపాడాలని పాఠాలు చెబుతాయి. మేడిపల్లి పేరులోనే మేడి ఉంది కాబట్టి ఆ చెట్టునే చూద్దాం. మేడి పూత ఎవరికీ కనబడదని పెద్దలంటారు. ఆ మాట నిజమే, ఎందుకంటే పూలన్నీ కాయ లోపలే ఉంటాయి. ఆవగింజంత కందిరీగ ఒకటి కాయ మొన దగ్గరి సన్నని సందులోంచి దూరుతుంది. దూరేటప్పుడు దాని రెక్కలు ఊడిపోతాయి. వేరే చెట్టు నుంచి తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లల్లో మగవి రెక్కలు లేకుండా పుట్టి, జతకట్టి, గోడకు దారి తొలిచి, లోపలే ప్రాణం విడుస్తాయి. ఆడవి పుప్పొడితో ఎగిరిపోతాయి. వాటికి ఉన్నది ఒకటి రెండు రోజులే, ఆలోగా పూతకు సిద్ధంగా ఉన్న ఇంకో మేడి దొరకాలి. ఊరికి ఒక్క చెట్టే మిగిలితే అవి ఎక్కడికి పోతాయి? కందిరీగ లేకుంటే మేడికి విత్తనం లేదు, మేడి లేకుంటే ఆ కందిరీగే లేదు.

మేడిపండులోని పురుగులను పిరికివాడి మనసుతో పోల్చిన వేమన పద్యాన్ని మనం తరగతిలో చెబుతూనే ఉన్నాం. చెప్పాల్సిందే, మంచి పద్యం. కాకపోతే ఆ మరుసటి గంట పర్యావరణ పాఠంలో ఆ పురుగుల ధైర్యం గురించి కూడా చెప్పాలని మా కోరిక.

ఉపయోగం వాదన మేడి కందిరీగను కాపాడగలదు. నీలి సాలీడు దగ్గర ఆ వాదన తడబడుతుంది. అది లేకపోతే మన వంట ఆగదు, పంట ఆగదు. మరి ఎందుకు ఉండనివ్వాలి?

జవాబు చెప్పేముందు మన చేతులు కూడా చూసుకోవాలి. ఆదివాసి ప్రకృతి బిడ్డ అని సభల్లో శాలువా కప్పి చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు అడవుల్లో దసలి పట్టు పెంచే మనవాళ్లను అడగండి. మద్దిచెట్ల మీద పురుగులను పెట్టి, చీమల నుంచి, పిట్టల నుంచి రాత్రింబగళ్లు కాపలా కాస్తారు. చివరికి గూడు తెంపి, లోపలున్న ప్రాణాన్ని వేడికి చంపితేనే పోగు. కాపాడిన చేయీ చంపిన చేయీ ఒకటే. మేము దీన్ని దాచం, సిగ్గుపడం కూడా. తీసుకోవడం వేరు, తుడిచిపెట్టడం వేరు. విత్తనానికి కొన్ని గూళ్లు వదలకపోతే వచ్చే పంటకు పురుగే ఉండదు.

ఆ గూటిలో చచ్చేదానికి ఈ తేడా ఏం తెలుస్తుందని ఎవరైనా అడిగితే, మా దగ్గర జవాబు లేదు. ఒక్క ప్రాణి లెక్కన చూస్తే చావు చావే. జాతి లెక్కన చూస్తే మాత్రం తేడా కొండంత.

దసలిలోనే ఇంకో సంగతి ఉంది. మన అడవులదైన 'ఆంధ్రా లోకల్' అనే రకం గూడు గట్టిది, పోగు సన్ననిది. ఇప్పుడు పెంపకానికి ఎక్కువగా వచ్చేవి బయటి 'డాబా' రకం గుడ్లు. మన రకం తగ్గిపోతోందని పట్టు శాస్త్రజ్ఞులే చెబుతున్నారు. దసలి పురుగు జాతిగా ఇంకా చాలాచోట్ల ఉంది కాబట్టి ఏ ఎర్ర జాబితాలోనూ ఈ నష్టం కనబడదు. భాషలు పోయేది కూడా ఇట్లాగే కదా. మనుషులు ఉంటారు, మాట పోతుంది.

మా దృష్టిలో ఆ సాలీడుకు తొర్రలో ఉండే హక్కు అరుదుతనం వల్ల రాలేదు, మనకు పనికిరావడం వల్లా రాలేదు. మనం చూడకముందు నుంచీ అది అక్కడ ఉంది. అడవి హక్కుల కోసం మనం చెప్పే మాట కూడా ఇదే. కాగితం రాకముందు నుంచీ ఉన్నాం అంటాం. 2006 చట్టం ఆ మాటనే ఒప్పుకుంది. మనకు వర్తించే న్యాయం చిన్నప్రాణి దగ్గరికి వచ్చేసరికి చెల్లదని ఎట్ల అనగలం?

అయితే ఖర్చు ఎవరి మీద పడుతుందో కూడా మాట్లాడాలి. గుత్తి సాలీడుకు ముప్పులు రాసినప్పుడు చెట్లు నరకడంతో పాటు వంటచెరుకు ఏరడం కూడా రాశారు. కట్టెల మోపు మోసేది ఎవరో మనకు తెలుసు. గోదావరి దాటితే కవ్వాల, 2012లో పులుల అభయారణ్యం అయింది. అడవిని కాపాడడమంటే మొదట గూడెం వైపు చూడడమేనన్న అనుభవం అక్కడి మనవాళ్లకు ఉంది. రైలు నిండా దుంగలు పోయిన కాలానికి బాకీ ఎవరూ కట్టలేదు, మోపు మోసే అవ్వను మాత్రం ఆపుతారు. ఇది అన్యాయం. అన్యాయమని చెబుతూనే, తొర్రపడిన ఎండు మానును మొదట గొడ్డలి పెట్టాల్సిన చెట్టుగా చూసే మన అలవాటునూ ప్రశ్నించుకోవచ్చు. రెండు మాటలూ ఒకే నోటితో చెప్పగలగాలి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. చెట్లు, పంటలు, పశువులు రాసి, పురుగుల పేజీలు ఖాళీగా వదలడం సులువు. తొమ్మిదో తరగతి పిల్లలను వెంట తీసుకుని ఆ పేజీలు మనమే నింపవచ్చు. ఏ వానకు ఏది బయటికి వస్తుంది, ఏ చెట్టు తొర్రలో ఏముంది, గోండిలో దాన్ని ఏమంటారు, కోయలో ఏమంటారు, నాయక్‌పోడ్ ముసలమ్మ ఏమంటుంది, అన్నీ రాయాలి. ఖరీదు పలికే ప్రాణి అయితే దాని చోటు మాత్రం ఊరి పెద్దల దగ్గరే ఉంచి, రిజిస్టర్‌లో మండలం పేరు దాకా రాస్తే చాలు. పని మొదలుపెట్టడానికి మిరుగు కార్తె మంచి కాలం, బడులు తెరిచేది కూడా అప్పుడే.