ఇష్టంగా చేసే పనికి కూలి అడగవచ్చా?

మనిషి రెండు రకాల పనులు చేస్తాడు. ఒకటి బతకడానికి చేసే పని. రెండోది ఎవరూ చెప్పకపోయినా, ఎవరూ డబ్బు ఇవ్వకపోయినా, మనసుకు బాగుందని చేసే పని. ఈ రెండోదాన్ని పుస్తకాల్లో అభిరుచి అంటారు, ఇంగ్లీషులో హాబీ అంటారు. మా ఇళ్ళల్లో మాత్రం దానికి "టైంపాస్" అని పేరు. "ఊరికే కూర్చోలేక ఏదో చేస్తా ఉంటాది" అంటారు. ఈ "ఊరికే" అనే మాట గురించే నేను ఈ వ్యాసంలో ఆలోచించాలనుకుంటున్నాను. ఇష్టంగా చేసే పనికి కూలి అడగడం న్యాయమా? ఆ ఇష్టమే దానికి కూలి అని కొందరు అంటారే, అది నిజమా?

ముందు ముగ్గు సంగతి చెప్తాను. మా సోగత్తూరులో మార్గళి నెల వచ్చిందంటే తెల్లవారకముందే ఆడవాళ్ళు లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేస్తారు. తమిళం మాట్లాడే ఇండ్లలో కోలం అంటారు, మేము ముగ్గు అంటాము. పేరే వేరు, చుక్కల లెక్క ఒకటే. ఒక్క చుక్క తప్పినా చివర గీత కలవదు. నడుమ పేడముద్ద పెట్టి గుమ్మడి పువ్వు గుచ్చుతారు. అంత కష్టపడి వేసిన ముగ్గు మీద ఎనిమిది గంటలకల్లా సైకిళ్ళు, పాలబండి, స్కూలు ఆటో పోతాయి. బియ్యప్పిండితో వేసిన ముగ్గయితే చీమలు తింటాయి. మధ్యాహ్నానికి ఏమీ ఉండదు. మరుసటి దినం మళ్ళీ వేస్తారు.

ముగ్గును ఎవరూ కొనరు. కొన్నా ఇంటికి తీసుకపోలేరు. వేసేవాళ్ళు కూడా డబ్బు కోసం వేయరు. దీన్ని బట్టి ఒక విషయం ఒప్పుకోవాలి. డబ్బు లేకపోయినా మనిషి అందమైనది చేస్తాడు. చేయడంలో ఉండే సంతోషం నిజమైనదే. కాబట్టి ప్రతి దానికీ వెల కట్టాలని నేను చెప్పడం లేదు.

ఇప్పుడు వయరు బుట్ట సంగతి. తమిళనాడులో వయరు బుట్ట తెలియని ఇల్లు ఉండదు. సంతకు పోవడానికి, పొలానికి కూడు తీసుకపోవడానికి, పెండ్లి సామాన్లు పెట్టుకోవడానికి అన్నిటికీ అదే. ఇది కూడా ప్లాస్టిక్ వయరే, కానీ ఒకసారి వాడి పారేసేది కాదు, ఏండ్ల తరబడి ఉంటాది. మన రాష్ట్రంలో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచుల వంటివాటిని నిషేధించారు. 2021 డిసెంబరులో గుడ్డ సంచులు వాడమని "మీండుం మంజప్పై" అనే పథకం కూడా మొదలయింది. మంజప్పై అంటే పసుపు సంచి. అప్పటి నుంచి చేతితో అల్లిన బుట్ట కూడా మళ్ళీ పాత గౌరవంతో కనబడుతోంది.

మా అవ్వ ఈ బుట్టలు అల్లుతుంది. వయరును కొలిచి కోసి, అడుగు భాగం మొదలుపెట్టి, ముడి పక్కన ముడి వేస్తా పైకి పోవాలి. ముడులకు పేర్లు ఉన్నాయి. బిస్కెట్ ముడి, నెల్లిక్కాయ ముడి అంటే ఉసిరికాయ ముడి, శివన్ కణ్ అంటే శివుని కన్ను. శివన్ కణ్ అల్లడం అందరికీ రాదు. రంగులు కలిపేటప్పుడు ఏ వరుసలో ఏ రంగు రావాలో ముందే మనసులో లెక్క ఉండాలి. మా అవ్వ బడికి పోలేదు. కానీ ఆ లెక్క కాగితం మీద వేయకుండానే చేస్తుంది. గట్టిగా లాగి లాగి ఆమె చూపుడు వేలికి కాయ కాసింది.

పోయిన సంవత్సరం మా చుట్టాలలో ఒకరు గృహప్రవేశం పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళకు తాంబూలంతో పాటు ఇవ్వడానికి చిన్న బుట్టలు 25 కావాలన్నారు. "వయరు డబ్బులు ఇచ్చేస్తాము. నువ్వు ఎట్లా ఊరికే కూర్చొని అల్లతా ఉంటావు కదా, నీకూ పొద్దుపోతాది" అన్నారు. అమ్మకు ఇది నచ్చలేదు. "కూలి అడుగు అత్తా" అని చెప్పింది. అవ్వ మాత్రం "సొంతమోళ్ళ దగ్గర కూలి అడగతారా? నాకు ఇష్టమని కదా చేస్తా ఉండేది" అనింది. ఆ మాటకు అమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గర కూడా అప్పుడు లేదు.

ఒక్కో చిన్న బుట్టకు దాదాపు 5 గంటలు పట్టింది. 25 బుట్టలకు 125 గంటలు. దినానికి 4 గంటల లెక్కన ఒక నెల. 8 గంటలకు ఒక దినం కూలి అనుకుంటే, అది సుమారు 16 దినాల కూలి. అవ్వకు వచ్చింది వయరు ఖర్చు మాత్రమే. ఫంక్షన్‌లో అందరూ బుట్టలను మెచ్చుకున్నారు. పందిలికి, మేళానికి, వంటమనిషికి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చారు. మేళం వాయించే ఆయన కూడా తల ఊపుతా సంతోషంగానే వాయించాడు. ఆయన సంతోషాన్ని ఎవరూ కూలిలో పట్టుకోలేదు.

ఆ తర్వాత జరిగింది నేను మరిచిపోలేను. అవ్వ మిగిలిన వయరు కట్టలను అటక మీద పెట్టించింది. రెండు నెలలు ముట్టుకోలేదు. వేళ్ళు నొప్పి అని చెప్పింది. ఒక దినం మాత్రం "ఒకే రంగు, ఒకే కొలత, చేసి చేసి విసుగొచ్చింది పాపా" అనింది. ఇష్టమే కూలి అన్నారు కదా. ఆ కూలి కూడా ఆమెకు దక్కలేదని నాకు అప్పుడు అర్థమయింది.

ఇప్పుడు నా ఆలోచన చెప్తాను. సంతోషం చేసేవాళ్ళది. వస్తువు తీసుకునేవాళ్ళది. ఈ రెండూ వేరు. తీసుకునేవాళ్ళు ధర ఇచ్చేది తమ చేతికి వచ్చిన వస్తువుకు. చేసేవాళ్ళకు కలిగిన సంతోషాన్ని ధరలో తగ్గించుకునే హక్కు వాళ్ళకు లేదు, ఎందుకంటే ఆ సంతోషం వాళ్ళు ఇచ్చింది కాదు. పాఠం చెప్పడం ఇష్టమైన టీచరుకు జీతం తగ్గించము. వైద్యం అంటే ప్రాణం పెట్టే డాక్టరుకు ఫీజు తగ్గించము. క్రికెట్ ఆటగాళ్ళకు ఆటంటే ఇష్టం, అయినా కోట్లు ఇస్తారు. ఇంట్లో కూర్చొని అల్లే ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రమే "నీకు ఇష్టం కదా" అనే మాట ఎందుకు గుర్తొస్తుంది? పనిలో తేడా లేదు. చేసేవాళ్ళు అడగలేరనే ధైర్యమే దానికి కారణమని నాకు అనిపిస్తుంది.

ఈ ప్రశ్న మన దేశంలో పెద్దవాళ్ళు కూడా ఆలోచించారు. గాంధీజీ దినమూ రాట్నం తిప్పేవారు. ఆయనకు అది కూలి పని కాదు, ఒక వ్రతం. 1925లో అఖిల భారత చరఖా సంఘం మొదలయింది. ఆ సంఘంలో సభ్యులు చందాగా తాము స్వయంగా వడికిన నూలే ఇచ్చేవాళ్ళు. ఆ నూలుకు వాళ్ళు కూలి తీసుకోలేదు. కానీ అదే సంఘానికి కూలికి నూలు వడికే పేద ఆడవాళ్ళ విషయంలో గాంధీజీ వేరే మాట చెప్పారు. వాళ్ళకు వస్తున్న కూలి బతకడానికి చాలదు, పెంచాలి అన్నారు. కూలి పెంచితే ఖద్దరు ధర పెరిగి కొనేవాళ్ళు తగ్గుతారనే భయం ఉండింది. అయినా 1935లో సంఘం కూలి పెంచాలని తీర్మానం చేసింది.

రాట్నం ఒకటే, నూలు ఒకటే. ఒకరు ఇష్టపడి ఊరికే ఇచ్చారు, ఇంకొకరికి కూలి పెంచారు. "నేను ఊరికే వడుకుతున్నాను కదా, మీరూ ఊరికే వడకండి" అని గాంధీజీ అనలేదు. ఇందులో నాకు గొప్పగా కనిపించింది ఇదే. నేను నా శ్రమను దానంగా ఇవ్వవచ్చు. వేరేవాళ్ళ శ్రమను దానంగా తీసుకోవడానికి నేను ఎవరిని?

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నటి ఖద్దరుకు నూలు వడికే ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారని చదివాను. ఆ ఎముకకు ఉండే చిన్న చిన్న పండ్లే వాళ్ళకు దువ్వెన. అంత ఓపిక పని. దాన్ని చూసి ఎవరైనా పొద్దుపోక చేస్తున్నారని అనగలరా? అవ్వ వేసే శివన్ కణ్ ముడిని కూడా నేను అట్లే చూస్తాను.

ఇంకొక ఉదాహరణ ఏటికొప్పాక బొమ్మలు. ఈ ఊరు ఆంధ్రప్రదేశ్‌లో అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ అంకుడు కర్రను తరిణి మీద తిప్పి, లక్క పూసి బొమ్మలు చేస్తారు. ఆ ఊరి సి.వి. రాజు గారు గింజలు, బెరడు, వేర్లు, ఆకుల నుంచి తీసిన రంగులతో ఈ కళను నిలబెట్టడానికి కష్టపడ్డారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. బొమ్మ అంటే పిల్లలు ఆడుకునే వస్తువు. చేసేవాళ్ళకు మాత్రం అది ఆట కాదు, అన్నం పెట్టే పని. దానికి పేరు, ధర ఉంటేనే తర్వాతి తరం పిల్లలు నేర్చుకుంటారు. ధర లేని విద్యను అమ్మ కూతురికి నేర్పాలన్నా "దీనివల్ల ఏమొస్తాది, పోయి చదువుకో" అనే చెప్తుంది. అంటే ఊరికే తీసుకునేవాళ్ళ వల్ల నష్టం ఒక్క మనిషితో ఆగదు, ఆ విద్యే ఆగిపోతుంది.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాటలో కూడా కొంత నిజం ఉంది. మొదటి మాట, అన్నిటికీ లెక్క చూస్తే బంధుత్వం ఏమవుతుంది అనేది. మంచి ప్రశ్నే. కానీ కానుక అనేది ఇచ్చేవాళ్ళ మనసులో పుట్టాలి. అవ్వ నాకు ఒక చిన్న బుట్ట అల్లి "పెన్నులు పెట్టుకో" అని ఇచ్చింది. నేను అడగలేదు. అది కానుక. 25 కావాలి, ఈ రంగే కావాలి, ఫలానా తేదీకి కావాలి అంటే అది కానుక కాదు, ఆర్డరు. ఆర్డరు ఇచ్చి కానుక ధరకు తీసుకోవడం వల్లే బంధుత్వం చెడుతుంది, కూలి ఇవ్వడం వల్ల కాదు.

రెండో మాట, డబ్బు వస్తే సంతోషం పోతుంది అనేది. ఇది కొంతవరకు నిజమే. అమ్మకానికి చేసేటప్పుడు కొనేవాళ్ళ ఇష్టం ముందుకు వస్తుంది, మన ఇష్టం వెనక్కి పోతుంది. అందుకే అమ్మను అనే హక్కు కూడా ఉండాలి. "నువ్వు ఇంత బాగా చేస్తావు, ఎందుకు వ్యాపారం పెట్టకూడదు?" అని బలవంతం చేయడం కూడా నాకు సరిగా తోచదు. ముగ్గు వేసే అక్కను మనం అట్లా అడగము. బుట్ట అల్లేవాళ్ళను, పాట పాడేవాళ్ళను, బొమ్మ గీసేవాళ్ళను కూడా వదిలేయవచ్చు. అమ్మాలా, ఊరికే ఇవ్వాలా, ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకోవాలా అన్నది చేసేవాళ్ళే చెప్పాలి. మనం అడగవలసింది ఒకే ఒక్క మాట: "దీనికి నీకు ఎంత ఇవ్వాలి?" ఆమె "ఏమీ వద్దు" అంటే అది ఆమె గొప్పతనం. మనం అడగకుండానే "ఏమీ వద్దులే" అని తీర్మానం చేసుకుంటే అది న్యాయం కాదు.

మా ఇంట్లో ఈ చర్చ ఇంకా పూర్తిగా తీరలేదు. అవ్వ ఈ మధ్య అటక మీద నుంచి వయరు దించింది. ఎవరికని మేము అడగలేదు. కానీ ఇక ఎవరైనా ఆర్డరు ఇస్తే మాట్లాడేది తానని అమ్మ చెప్పేసింది. అవ్వ నవ్వింది కానీ వద్దనలేదు.

తోటి విద్యార్థులకు ఒక మనవి. మన బడిలో కూడా చక్కగా అక్షరాలు రాసేవాళ్ళు, రంగవల్లి వేసేవాళ్ళు, చార్టులు గీసేవాళ్ళు ఉన్నారు. "నీకు ఇష్టం కదా, నా ప్రాజెక్టుకు కూడా గీసి ఇవ్వు" అని మనం ఎంత సులభంగా అడిగేస్తాము! పదో తరగతిలో వాళ్ళకూ పరీక్షలున్నాయి, వాళ్ళ రాత్రి కూడా మన రాత్రి అంతే పొడుగు. స్నేహితుల మధ్య డబ్బు వద్దు. బదులుగా లెక్కలు నేర్పవచ్చు, నోట్సు రాసి ఇవ్వవచ్చు. కనీసం ఎన్ని గంటలు పట్టిందని అడగవచ్చు.

తల్లిదండ్రులకు, చుట్టాలకు కూడా గౌరవంగా ఒక మాట చెప్తాను. ఇంట్లో అవ్వ అల్లే బుట్టను, అత్త కుట్టే జాకెట్టును, పెద్దమ్మ పెట్టే ఊరగాయను తీసుకునేటప్పుడు "ఊరికే" అనే మాట వాడకండి. ఊరికే కూర్చున్న చేతులతో బుట్ట రాదు.