అతి అని తేల్చేదెవరు?

ఎవరైనా గట్టిగా ఏడ్చినా, కోపంతో ఊగిపోయినా ‘ఓవరాక్షన్’ అనేస్తాం. ఆడవాళ్లయితే ‘డ్రామా క్వీన్’ అన్న బిరుదు సిద్ధంగా ఉంటుంది. ఎగతాళిలా వినిపించే ఈ మాటలో ఒక తీర్పు ఉంది: కారణం చిన్నది, బాధ పెద్దది అని. బాధ మన కంటికి కనబడుతుంది. కారణం చాలాసార్లు కనబడదు. కోపానికి మితం ఉండాలన్న అరిస్టాటిలే, కోపం రావలసిన చోట రానివాణ్నీ తప్పుపట్టాడు. ఎవరిమీద, ఎందుకు, ఎంతసేపు అన్నవి చూడకుండా మితమో అతో తేల్చలేమన్నది ఆయన వాదన. అవేవీ చూడకుండా తీర్పు చెప్పినవారిలో వైద్యులూ ఉన్నారు. స్త్రీల రకరకాల బాధలను శతాబ్దాలపాటు ‘హిస్టీరియా’ అన్న ఒకే గాటన కట్టారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో దాన్ని ప్రత్యేక రోగవర్గంగా ఉంచడం మానుకున్నది 1980లోనే.

భావోద్వేగాలను అదుపు చేసుకోమని శాస్త్రాలే చెప్పాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కోపం మోహానికీ, మోహం స్మృతి నాశనానికీ, చివరకు బుద్ధి నాశనానికీ దారితీస్తుందని గీత రెండో అధ్యాయం హెచ్చరిస్తుంది. ఒళ్లు వణికి గాండీవం జారవిడిచిన అర్జునుడిని కృష్ణుడు హృదయ దౌర్బల్యమని మందలించాడు కూడా. అయితే మందలించి ఊరుకోలేదు. అర్జునుడి ప్రశ్నలన్నీ విని, పద్దెనిమిదో అధ్యాయం దాకా జవాబిచ్చాడు. ఆ గ్రంథం మొదటి అధ్యాయానికి అర్జున విషాద యోగమనే పేరు. అక్కడ విషాదం జ్ఞానానికి అడ్డు కాలేదు, ద్వారమైంది. బౌద్ధ కథలోని కిసా గోతమి చనిపోయిన బిడ్డను ఎత్తుకుని మందు కోసం తిరుగుతుంటే ఊరు పిచ్చిదంది. బుద్ధుడు అలా అనలేదు. చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు. గడప గడపా తిరిగి, మరణం అందరికీ ఉన్నదేనని ఆమే తెలుసుకుంది.

నిజంగానే కన్నీళ్లతో పనులు సాధించుకునేవాళ్లు లేరా? ఉన్నారు. అప్పుడు తప్పుపట్టవలసింది ఆ ఒత్తిడిని, ఆ అబద్ధాన్ని. వాటికి రుజువు చూపవచ్చు. మనిషికే ముద్ర వేస్తే రేపు ఆ మనిషికి నిజమైన కష్టం వచ్చినా ఎవరూ నమ్మరు. పైగా ఆ ముద్ర ఎక్కువగా వాడేది బలవంతులే. యజమాని కేకలు వేస్తే క్రమశిక్షణ, పనివాడు గొంతెత్తితే రాద్ధాంతం. నిగ్రహం గొప్ప గుణమే. కానీ దాన్ని ఎవరికి వారు సాధన చేయాలి. ఎదుటివాళ్ల నోరు మూయించడానికి వాడితే అది అధర్మమే.