లేని సింహాసనమునకు వారసులు

ఆస్తి పోయిన తరువాత వారసుడు మిగులునా? పొలము ఏటిపాలైన పిమ్మట దానికి పట్టాదారుడను నేనే యని ఇరువురు దాయాదులు న్యాయస్థానమున వాదులాడుకొనినచో చూచువారు నవ్వుదురు. రష్యాదేశపు జారుచక్రవర్తుల సింహాసనము 1917వ సంవత్సరమున అంతరించెను. దానికి న్యాయమైన హక్కుదారుడెవ్వడను వివాదము మాత్రము నేటివరకును అంతరింపలేదు. చక్రవర్తి బిరుదమును తమంత తామే వహించినవారు, చంపబడిన రాజకుమారియే తానని చెప్పుకొనినవారు, పార్టీలు పెట్టి తమకు నచ్చిన విదేశపు రాజకుమారునకు కిరీటము చూపినవారు, ఒకరి తరువాత నొకరు బయలుదేరిరి. చరిత్ర వేరొక త్రోవను నడచి ఆ సింహాసనము మరల నెలకొనియుండినచో దానిపై నెవ్వరు కూర్చుండియుందురని వంశవృక్షములను ముందు పెట్టుకొని తర్కించువారును కలరు.

ఈ తర్కమును వేడుకగా చూచి విడిచిపెట్టవచ్చును. కాని దాని యడుగున నున్న ప్రశ్న వేడుకైనది కాదు. ఇతరులను పాలించు హక్కు మనుష్యునకు పుట్టుకచే కలుగునా? కలిగినయెడల అది పొలమువలె, నగవలె వాని సొత్తా? లేక దేవాలయపు ధర్మకర్తకుండు నధికారమువంటిదా? సింహాసనము స్థిరముగా నున్నంతకాలము ఈ రెంటికిని భేదము కానరాదు. రాజు స్వంతదారువలెనే మెలగును, ధర్మకర్తనని చెప్పుకొనును, ప్రజలు రెండును నమ్ముదురు. సింహాసనము కూలిన నాడు మాత్రము ఆ రెండును విడిపోవును. కాబట్టియే రష్యావారసుల కథ మన ప్రశ్నకు మంచి గీటురాయి.

ఆ వంశమువారి హక్కు అనాదిసిద్ధమైనది కాదని మొదట గమనింపవలెను. 1598లో పాత రాజవంశ మంతరించెను. పదునైదేండ్లు దేశము కల్లోలములలో మునిగి తేలిన పిదప 1613లో దేశసభ కూడి పదునారేండ్ల మిఖాయిల్ రోమనోవును జారుగా ఎన్నుకొనెను. అనగా పుట్టుకచేత రాజ్యార్హులమని చెప్పుకొను ఈ వంశమునకు మూలపురుషుడు ఎన్నికచేత రాజైనవాడు. తరువాత పీటరు మహాశయుడు కన్నకొడుకు నలెక్సీని విచారణకు పెట్టి మరణదండన విధింపజేసెను; 1718లో ఆ కుమారుడు కారాగృహముననే చనిపోయెను. 1722లో ఆయన, రాజు తన కిష్టమైనవానిని వారసునిగా నియమింపవచ్చునని చట్టము చేసి, 1725లో ఎవ్వరిని నియమింపకయే మరణించెను. అది మొదలు చాలకాలము వారసుని నిర్ణయించినది ధర్మశాస్త్రము కాదు, అంగరక్షక పటాలములు. రెండు నెలల పసిబిడ్డడైన ఆరవ ఇవానును 1740లో సింహాసన మెక్కించిరి. మరుసటి యేడు దింపిరి. ఆ బిడ్డడు చెరసాలలోనే పెరిగి 1764లో కావలివాండ్రచేతిలో చచ్చెను. ఆ బాలుడు చేసిన నేరము పుట్టుట యొక్కటియే.

ఈ దారుణములను మాన్పదలచి పాల్ చక్రవర్తి 1797లో, తన పట్టాభిషేకదినముననే, జ్యేష్ఠపుత్రునకే రాజ్యమనియు, వంశమున పురుషులందరు నంతరించినగాని స్త్రీలకు రాదనియు శాసనము చేసెను. ఆ శాసనము పాల్‌ను కాపాడలేకపోయెను; 1801లో సేనాధికారులు ఆయనను ఆయన నగరులోనే చంపిరి. ఆయన కుమారుడు మొదటి అలెగ్జాండరు 1820లో, సమానమైన రాజకులమునకు చెందనివారిని పెండ్లాడినచో ఆ సంతతికి సింహాసనార్హత లేదని మరియొక నిబంధనను చేర్చెను. నేటి హక్కుదారులందరును చేతబట్టుకొని తిరుగు దస్తావేజులు ఈ రెండే.

ఇక 1917. మార్చి 15వ తేదీన (వారి పాత పంచాంగము ప్రకారము 2వ తేదీన) ప్స్కోవ్ పట్టణమున రైలుపెట్టెలో రెండవ నికొలాసు రాజ్యత్యాగము చేసెను. మొదట పండ్రెండేండ్ల కుమారుడు అలెక్సీ పేరనే రాజ్యము విడువ నిశ్చయించెను. ఆ బాలునకు నెత్తురు గడ్డకట్టని జబ్బు, హీమోఫీలియా. అది నయము కాదనియు, తాను రాజ్యము విడిచిన పిదప బిడ్డను తనయొద్ద నుంచుకొననిత్తురను నమ్మకము లేదనియు వైద్యునివలన తెలిసికొని, ఆయన మనసు మార్చుకొని, కుమారుని తరపునను తానే త్యజించి, తమ్ముడు మిఖాయిలునకు రాజ్య మిచ్చుచున్నానని వ్రాసెను.

తండ్రి కొడుకు హక్కును త్యజింపవచ్చునా? మైనరు ఆస్తిని తండ్రి యూరకే వదలుకొనినచో సామాన్య న్యాయస్థానమైనను ఒప్పుకొనదు. పాల్ శాసనమందును అట్టి యధికారము జారునకు లేదు. మన భారతకథలో దాశరాజు దేవవ్రతు నడిగినది సరిగా ఈ ప్రశ్నయే: నీవు రాజ్యము వలదంటివి, బాగున్నది, నీకు పుట్టబోవు కొడుకులో? పుట్టబోవువారి పక్షమునకూడ నేనే వదలుకొంటిననుట దేవవ్రతునకు ఎంతయు సులభము. ఆయన అట్లనలేదు. సంతానమే లేకుండ జీవించెదనని ప్రతిజ్ఞ చేసెను. పరుని హక్కును వదలుకొను నధికారము తనకు లేదని యెరిగి, అట్టి పరుడు పుట్టకుండుటకై తన జీవితమునే వెచ్చించెను. నికొలాసు చేసినది ఇంత కఠినమైనది కాదు, ఇంత శుద్ధమైనదియు కాదు. రోగియైన బిడ్డ మెడకు రాజ్యభారము కట్టరాదని తండ్రి తలంచుటను నేను తప్పుపట్టను. కాని బిడ్డనుండి తొలగించునప్పుడు రాజ్యమును మోయరాని బరువుగా నెంచినవాడు, తమ్మున కిచ్చునప్పుడు దానినే తన పెట్టెలోని సొత్తుగా నెంచెను. ఒక్క కాగితముమీదనే రెండు ధర్మములు!

ఆ తమ్ముని ఎవ్వరును ముందుగా అడుగలేదు. మరునాడు పెట్రోగ్రాదులో మిలియోన్నయా వీథిలోని యొక యింట రాజకీయనాయకులు ఆయన చుట్టును చేరి వాదించిరి. రాజ్యము స్వీకరింపుమని మిల్యుకోవ్, వలదని కెరెన్‌స్కీ. మిఖాయిల్ తనకు ప్రాణరక్షణ కలదాయని దూమా సభాధ్యక్షుడు రోద్జ్యాంకో నడిగెను. అట్టి హామీ ఆయన ఇయ్యలేకపోయెను. కావున మిఖాయిల్ త్యాగములో భయమునకు పాలు లేదనుట అసత్యమగును. కాని భయపడినవాడు ఊరకే వలదని చెప్పి తొలగిపోవచ్చును. ఆయన సంతకము చేసిన పత్రమందు వేరొక మాట యున్నది: సార్వజనికమైన, సమానమైన, రహస్యమైన ఓటుచే ప్రజలెన్నుకొను రాజ్యాంగ నిర్మాణసభ కోరినయెడలనే పరమాధికారమును స్వీకరింతును. ఆ పత్రమును కూర్చినవారిలో న్యాయవేత్త నబోకోవ్ ఒకడు. ఈ తరమువారు ఆయనను నవలాకారుడైన కుమారుని మూలముననే యెరుగుదురు. ధర్మకర్తను ఎవ్వరైనను నియమింపవలెను గాని తన్ను తాను నియమించుకొనరాదను సూత్రమును మూడువందల యేండ్లలో ఆ వంశమువాడొకడు స్పష్టముగా సంతకము చేసి యొప్పుకొనుట అదియే మొదలు.

మిఖాయిల్‌ను 1918 జూనులో పెర్మ్ పట్టణ సమీపమున బోల్షివిక్కులు కాల్చి చంపిరి, శవము దొరకలేదు. జూలై 17న యెకాతెరిన్‌బుర్గులో నికొలాసును, భార్యను, అయిదుగురు బిడ్డలను చంపిరి. శాసనక్రమము ప్రకారము తరువాతివాడు వారి పినతండ్రి కుమారుడు కిరిల్. ఈయన విదేశమున నుండి 1922లో తాను సింహాసన సంరక్షకుడ నని ప్రకటించెను. రెండేండ్లకే, 1924లో, చక్రవర్తి నని ప్రకటించెను. నందిగ్రామమున పదునాలుగేండ్లు పాదుకలను ముందుంచుకొని రాజ్యమేలిన భరతుని ఎరిగిన మనకు ఆ రెండేండ్ల దూరము తెలియకపోదు. భరతునకు రాజ్యము నిజముగా చేతిలో నుండెను, బిరుదము వలదనెను; కిరిల్‌నకు చేతిలో నేమియు లేదు, బిరుదము కావలసెను. తన కుమారులు బ్రదికియే యున్నారని నమ్మియున్న వృద్ధరాజమాత మరియా ఫ్యోదొరోవ్నా ఈ ప్రకటనను ఆమోదింపలేదు. ఫ్రాన్సులో బ్రిటనీ తీరమందలి సాన్‌బ్రియాక్ అను చిన్న యూరినుండి కిరిల్ బిరుదములు దయచేయుచు 1938లో మరణించెను.

ఆయన ప్రతిపక్షుల వాదములను చూడుడు. ఆయన జన్మించునాటికి తల్లి ఆర్థొడాక్సు మతమున చేరలేదట; విడాకులు పొందిన మేనత్త కూతురిని జారు అనుమతి లేకయే పెండ్లాడెనట; జారు రాజ్యత్యాగమునకు ముందుదినముననే తన నావికాదళముతో దూమాకు నడచెనట. చివరిదాని నొక్కదానిని మినహాయించినచో ఇవన్నియు దస్తావేజులో లొసుగులు వెదకు వకీలు మాటలు. ఇతడు పాలించినయెడల రైతునకేమి మేలు, నేతగానికేమి మేలు అని యడిగినవాడు ఆ వివాదమున కానరాడు. సొత్తునకై జరుగు వ్యాజ్యమున సొత్తును ఏమైనను అడుగుదురా?

రక్తమే అర్హత యనువారికి మరియొక చిక్కు కలదు. రక్తము కంటికి కానరాదు. 1605లో మాస్కోలో పట్టాభిషిక్తుడైన దిమిత్రి పాతవంశపు కుమారుడుకాక వంచకుడని చరిత్రకారులలో చాలమంది తలంపు. ఐనను ఆయన దాదాపొక యేడు రాజ్యమేలెను. ఆయన యాజ్ఞకు సైన్యము నడచెను. నకిలీ రక్తముతోనే కొలువు సాగినప్పుడు అసలు రక్తము చేయుపని యేమి? 1920లో బెర్లినులో కాలువనుండి తీయబడిన యొక స్త్రీ తరువాత తాను నికొలాసు కుమార్తె అనస్తాసియా నని చెప్పుకొనెను. అనేకులు నమ్మిరి, కొందరు రాజబంధువులుకూడ నమ్మిరి. 1984లో ఆమె మరణించినవరకును ఆ వివాదము తెగలేదు. 1994లో డి.ఎన్.ఏ. పరీక్ష ఆమెకు ఆ కుటుంబముతో సంబంధము లేదని తేల్చెను. రాజత్వమును నిర్ణయించు పని పురోహితుని చేతినుండి ప్రయోగశాలకు పోయినది!

1820 నాటి సమానకుల వివాహ నిబంధన కథ మరింత విచిత్రమైనది. వంశశుద్ధిని కాపాడుటకై చేసిన ఆ కట్టుబాటే వంశమును హరించెను. ప్రవాసమున రోమనోవులు ప్రాయికముగా రాజకులేతరులనే పెండ్లాడిరి. ఆ బిడ్డలందరు శాసనదృష్టిలో అనర్హులైరి. కిరిల్ కుమారుడు వ్లదీమిర్ ఇతర శాఖలవారిని ఆ కారణముననే త్రోసిపుచ్చి, తన పిమ్మట తన కుమార్తె మరియాకు హక్కు కలదనెను. అప్పుడు ప్రతిపక్షులు, ఆమె తల్లి పుట్టిన జార్జియా బగ్రాతియన్ వంశము మాత్రము సమానకులమా యని తిరిగి యడిగిరి. 2014లో ఒక రాజపక్షపు పార్టీవారు కిరిల్ పెద్దకుమార్తె మనుమడైన జర్మను రాజకుమారుడొకనిని చక్రవర్తిగా ప్రకటించిరి. ఆయన అంతకుముందు అసమానవివాహము చేసికొనెనను కారణముచేతనే స్వకులపు వారసత్వమును పోగొట్టుకొనినవాడు. సాంకర్యభయముతో చేసిన శాసనము తుదకు ఎట్లగునో చూచుటకు మన దేశపు వాడలలో కావలసినన్ని ఉదాహరణములు కలవు గాని, ఇంత చక్కనిది అరుదు.

వంశపారంపర్యమును సమర్థించువారి వాదములో బలమున్నది, దానిని దాటిపోరాదు. వారసుని ముందే నిర్ణయించు నియమము లేనిచో ఖడ్గమే నిర్ణయించునని పదునెనిమిదవ శతాబ్దపు రష్యాయే చాటుచున్నది. 1918 తరువాత ఓటును త్రోసిపుచ్చి యధికారము చేపట్టినవారు జారులు చిందింపనంత నెత్తురు చిందించిరి. కాని పరికించినచో ఈ వాదము మెచ్చుకొనుచున్నది నియమస్థైర్యమును, రక్తమును కాదు. నియమము నిలుచునది దానిని పాటించువారుండుటచేత. పాటించువా రొకసారి చెదరిపోయిన పిమ్మట నియమము పుస్తకమున నుండును గాని, దేశమున నుండదు.

అందుచేతనే, సింహాసనము మరల నెలకొనియుండినచో నను ఊహ చేయువారు ఎవ్వరిని పిలువవలె నని తర్కింతురు గాని, పిలుచువా రెవ్వరని ముందుగా అడుగరు. 1922లో వ్లదివొస్తోకులో శ్వేతపక్షమువారు దేశసభ జరిపి పరమాధికారము రోమనోవు వంశమునదే యని తీర్మానించిరి. అక్టోబరు 25న ఆ పట్టణమే పోయెను. నిజముగా రాజ్యము మరల నెలకొనిన స్పెయినును చూడుడు. 1975లో రాజైన హువాన్ కార్లోస్ క్రమప్రకారము వారసుడు కాడు. తండ్రి బ్రదికియుండగానే 1969లో నియంత ఫ్రాంకో ఆయనను నియమించెను. తండ్రి 1977లో తన హక్కును విడిచెను. 1978లో ప్రజలు ఓటుచే రాజ్యాంగము నంగీకరించిరి. బల్గేరియాలో ఆరేండ్ల ప్రాయమున రాజై, 1946లో దేశము విడిచిన సిమెయోన్, 2001లో ఎన్నికలలో గెలిచి ప్రధానమంత్రి యయ్యెను. మరల రాజు కాలేదు. రోమనోవులలోనే, రాస్పుతిను హత్యలో పాల్గొనిన దిమిత్రి పావ్లొవిచ్ కుమారుడొకడు అమెరికా సైన్యమున పనిచేసి, 1990 దశకమున ఫ్లోరిడాలో పామ్‌బీచి పట్టణమునకు మేయరుగా ఎన్నుకొనబడెను. 1613 తరువాత ఆ వంశమువారు ఇతరులెన్నుకొనగా నధికారమున కూర్చుండినది ఆ చిన్న పట్టణముననే యనుకొనుచున్నాను.

మరియా కుమారుడు గియొర్గి 2021లో సెంట్ పీటర్స్‌బర్గులోని సెంట్ ఐజాక్ దేవాలయమున పెండ్లాడెను. వధువు ఇటలీ దేశస్థురాలు, రాజకులజ కాదు. మరుసటి యేడు వారికి కుమారుడు కలిగెను. ఆ బిడ్డకు అర్హత కలదా లేదా యని 1820 నాటి శాసనమును మరల తిరుగవేయుచున్నారు.

మిఖాయిల్ ఎదురుచూచిన రాజ్యాంగ నిర్మాణసభకు 1917 నవంబరులో ఎన్నికలు జరిగెను; నాలుగు కోట్లమందికి పైగా ఓటు వేసిరి. 1918 జనవరి 18న సభ కూడెను. ఒక్క పగలు, ఒక్క రాత్రి కూర్చుండెను. మరునాడు సభ్యులు వచ్చునప్పటికి తలుపులకు తాళములు వేసియుండెను. ఆయన పత్రములోని ప్రశ్నను రష్యాప్రజలను మరల ఎవ్వరును అడుగలేదు.